నలభై ఇళ్ళ లెక్క

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి ఏడాదీ ఈ సభలో మేము లెక్కలు చదువుతాం. ఎంత వసూలైంది, ఎంతమంది పిల్లలకు ఫీజులు కట్టాం, రంజాన్ నెలలో ఎన్ని ఇళ్ళకు రేషన్ చేరింది, ఎన్ని నికాహ్‌లకు చేయూతనిచ్చాం అని చెప్పుకుంటాం. ఆ లెక్కలు ఈ సంచికలోనే వేరే పేజీల్లో ఉన్నాయి. ఈరోజు మాత్రం ఆ పట్టికల్లో చోటు దొరకని పిల్లల గురించి మాట్లాడదలచుకున్నాం. బడి మానేసి, దారి తప్పి, పోలీస్ స్టేషన్ గడప తొక్కిన పిల్లలు వాళ్ళు. వాళ్ళ పేర్లు మా రిజిస్టరులో ఎందుకు లేవో మీకు చెప్పడం మా బాధ్యత.

కొన్నేళ్ళ కిందట ఒక తల్లి మన ఆఫీసుకు వచ్చింది. ఏ ఊరో చెప్పం, పేరు అసలే చెప్పం. ఆమె భర్త లారీ మీద పోతే పది పదిహేను రోజులకు గాని ఇంటికి రాడు. కొడుక్కు పదహారేళ్ళు. తొమ్మిదో తరగతిలో బడి మానేసి, బైకులు రిపేరు చేసే షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు. అక్కడ తనకంటే పెద్దవాళ్ళతో స్నేహం కుదిరింది. ఒక రాత్రి నలుగురు కలిసి బ్యాటరీలు ఎత్తుకుపోతుంటే ముగ్గురు పరుగెత్తారు, ఈ పిల్లవాడు దొరికాడు. బోర్డు వాళ్ళు బెయిల్ ఇచ్చి తల్లికి అప్పగించారు.

"వాడు మళ్ళీ ఆ షెడ్డుకే పోతానంటాండాడు సాబ్. ఇంకోచోట పనిలో పెట్టించండి. లేదంటే టెన్త్ పరీక్షకన్నా కట్టించండి" అని ఆమె అడిగింది.

ఆ రోజు మా ముందు మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లల దరఖాస్తులు కట్టలుగా ఉన్నాయి. కేసు ఉన్న పిల్లవాడి మీద దాతల సొమ్ము ఖర్చు పెడితే మీరేమంటారోనని మాకు భయం. అందుకని, "ముందు పిల్లోడి నడత బాగుపడనీ అమ్మా, తర్వాత చూద్దాం" అన్నాం. మర్యాదగానే అన్నాం. ఆమె కాసేపు ఊరుకుని, "నడత బాగుపడేదానికే కదా సాబ్ మీ దగ్గరికి వచ్చింది" అని లేచి వెళ్ళిపోయింది.

నాలుగు నెలలు తిరక్కముందే ఆ అబ్బాయి అదే స్నేహితులతో బెంగళూరు వెళ్ళాడు. అక్కడ ఇంకో కేసు. ఇప్పుడతను పెద్దవాడయ్యాడు, ఎక్కడున్నాడో తల్లికే తెలియాలి. ఆమె మళ్ళీ మన గడప తొక్కలేదు.

ఆ తల్లి మాటకు ఆరోజు మా దగ్గర జవాబు లేదు. తర్వాత వకీళ్ళతో, ఉపాధ్యాయులతో, మొహల్లా పెద్దలతో కూర్చున్నాం, ఈ విషయం మీద లోకంలో ఏం తేలిందో చదివించుకున్నాం. మేము తెలుసుకున్నది ఇల్లు, స్నేహం, వీధి అని మూడు మాటల్లో మీ ముందు పెడతాం. ఈ మూడింటిలోనూ దాతలు చేయగలిగింది ఉంది.

ముందుగా ఒక అపోహ తీసేద్దాం. ఎక్కడైనా దొంగతనం జరిగిందంటే "ఫలానా గల్లీ పిల్లలే అయ్యుంటారు" అని బయటివాళ్ళు అంటారు. ఆ మాట మనకు కోపం తెప్పిస్తుంది. కానీ మనలో కాస్త స్థితి కలిగినవాళ్ళం, కింది గల్లీ పిల్లలను చూసి అదే మాట అంటాం. "వాళ్ళ జాతే అంత" అనేస్తాం. ఇది నిజమేనా?

అమెరికాలోని షికాగో నగరంలో క్లిఫర్డ్ షా, హెన్రీ మెకే అనే ఇద్దరు పరిశోధకులు పిల్లల కోర్టు రికార్డులను దశాబ్దాల పాటు పేటల వారీగా లెక్కగట్టి 1942లో పుస్తకంగా వెలువరించారు. ఊరి నడిబొడ్డున, ఫ్యాక్టరీల పక్కనున్న కొన్ని పేటల్లో పిల్లల నేరాలు ఎప్పుడూ ఎక్కువే. విచిత్రమేమంటే ఆ పేటల్లో మనుషులు మారిపోతూ వచ్చారు. ఒకప్పుడు జర్మన్లు, ఐరిష్ వాళ్ళు ఉండేవారు, తర్వాత పోలెండు, ఇటలీ నుంచి వచ్చినవాళ్ళు చేరారు. మనుషులు మారినా ఆ పేటల లెక్క మారలేదు. అక్కడి నుంచి మంచి పేటలకు వెళ్ళిపోయిన కుటుంబాల్లో మాత్రం పిల్లల నేరాలు తగ్గిపోయాయి. తప్పు రక్తంలోనో, జాతిలోనో, మతంలోనో ఉంటే వాళ్ళతోపాటే వెళ్ళి ఉండాలి కదా. అది పేట పరిస్థితుల్లో ఉంది.

మన పరిస్థితి మనకు తెలియనిది కాదు. 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది అసలు బడి ముఖమే చూడలేదు, లేదా మధ్యలో మానేశారు అని సచార్ కమిటీ 2006లో చెప్పింది. అది దేశమంతటి లెక్క, పాత లెక్క. అయినా మన మూడు ఊళ్ళలో ఏ గల్లీలో నిలబడి చూసినా, బడి వేళలో షెడ్డులోనో, గుజిరీ అంగట్లోనో, మండీలోనో కనిపించే పిల్లవాడు ఆ లెక్క గుర్తుచేస్తాడు.

ఇక మొదటిది ఇల్లు.

ధర్మవరం సంగతి తీసుకోండి. ఒకప్పుడు నేత ఇంట్లో మగ్గం గుంత నట్టింట్లో ఉండేది. తండ్రి మగ్గం మీద, తల్లి రాట్నం దగ్గర, పిల్లవాడు పక్కన ఉండేవారు. పని కష్టమే, కూలి తక్కువే. కానీ పిల్లవాడు రోజంతా పెద్దవాళ్ళ కళ్ళ ముందే తిరిగేవాడు. పవర్‌లూమ్ వచ్చి చేతి మగ్గానికి పని తగ్గిన ఇళ్ళలో తండ్రి బేల్దారి పనికో, ఇంకో ఊరికో పోతున్నాడు, తల్లి ఇంకో ఇంటి పనికో, ఫ్యాక్టరీకో పోతోంది. మనవాళ్ళలో మగ్గం లేని ఇళ్ళు ఇంకా ఎక్కువ. ఆటో నడిపేవాళ్ళు, పండ్ల బండి పెట్టుకున్నవాళ్ళు, హిందూపురం మార్కెట్‌లో చింతపండు, మిరపకాయల మూటలు మోసేవాళ్ళు, వారమంతా బెంగళూరులో ఉండి ఆదివారం ఇంటికొచ్చేవాళ్ళు ఎంతమందో. బడి వదిలిన వేళ నుంచి ఇషా నమాజు దాకా ఆ ఇళ్ళకు తాళమైనా ఉంటుంది, ఒంటరి ముసలమ్మయినా ఉంటుంది. ఆ నాలుగైదు గంటలు పిల్లవాడు ఎవరి బిడ్డ?

పేదరికమే పిల్లలను చెడగొడుతుందని కొందరంటారు. "మేమూ పేదవాళ్ళమే, మేము చెడిపోయామా?" అని ఇంకొందరు అడుగుతారు. రెండింటిలోనూ సగం నిజముంది. బోస్టన్ నగరంలో గ్లూక్ దంపతులు తప్పు చేసి దొరికిన 500 మంది అబ్బాయిలను, దొరకని 500 మందిని పోల్చి చూసి 1950లో వివరాలు ప్రచురించారు. ఆ కాగితాలనే రాబర్ట్ శాంప్సన్, జాన్ లాబ్ అనే ఇద్దరు 1990ల్లో మళ్ళీ లెక్కగట్టారు. పేదరికం నేరుగా పిల్లవాణ్ణి దొంగను చేయడం లేదు. అది తల్లిదండ్రుల తీరికను, ఓపికను తినేస్తోంది. పిల్లవాడు ఎక్కడున్నాడో చూసుకునేవారు లేక, ఒకరోజు చావగొట్టి ఒకరోజు వదిలేసి, ఇంటితో వాడి అనుబంధం తెగిపోయిన చోట దారి తప్పడం ఎక్కువైంది.

దీనర్థం ఏమిటి? ఆ తల్లికి మన ఉపన్యాసం కంటే ఊపిరి తిప్పుకునే వీలు ఎక్కువ అవసరం. సాయంత్రం రెండు గంటలు తన కొడుకు ఎక్కడున్నాడో ఆమెకు తెలిస్తే చాలు. తండ్రులకు మాత్రం ఒక మాట చెప్పాలి. లుఖ్మాన్ తన కొడుక్కు బుద్ధి చెప్పిన తీరు మనం ఖుత్బాల్లో ఎన్నోసార్లు విన్నాం. ఎంత పెద్ద విషయమైనా ప్రేమగా పిలిచి చెప్పాడు. మనం బెల్టు తీసి చెబుతున్నాం. దెబ్బకు భయపడిన పిల్లవాడు తప్పు మానడు, ఇంటికి ఆలస్యంగా రావడం నేర్చుకుంటాడు.

రెండోది స్నేహం.

అత్తరు అమ్మేవాడి పక్కన కూర్చుంటే పరిమళం అంటుతుంది, కొలిమి దగ్గర కూర్చుంటే పొగ అంటుతుంది అనే పోలిక మనకు కొత్తది కాదు. ఈ కాలంలో దాన్ని పరీక్ష పెట్టి కూడా చూశారు. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు 306 మంది చేత కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఆడించారు. కొందరిని ఒంటరిగా, కొందరిని స్నేహితుల ముందు ఆడించారు. 24 ఏళ్ళు, ఆపైన ఉన్నవాళ్ళకు పెద్ద తేడా రాలేదు. 13 నుంచి 16 ఏళ్ళ పిల్లలు మాత్రం ఒంటరిగా ఉన్నప్పటి కంటే స్నేహితులు చూస్తున్నప్పుడు చాలా ఎక్కువ సాహసాలు చేశారు. పిల్లవాడు అదే, బుద్ధి అదే, పక్కన ఎవరున్నారన్నదే మారింది.

మన వీధుల్లో ఆ ఆటను రోజూ చూస్తున్నాం. ఒక బైకు మీద ముగ్గురు, ముందు చక్రం గాల్లో, వెనక ఇంకొకడు ఫోన్‌లో వీడియో తీస్తుంటాడు. పండుగ రాత్రి ఇది ఇంకా ఎక్కువ. ఆ బైకు ఎవరిది? చాలాసార్లు తండ్రిదో, మామదో, అన్నదో. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే బండి యజమానికో, సంరక్షకుడికో మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. "మావోడు ఎంత బాగా నడుపుతాడో" అని మురిసే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

బైకు కంటే చప్పుడు లేనిది ఫోన్. క్రికెట్ పందెం, డబ్బు పెట్టి ఆడే ఆటలు. మన రాష్ట్రంలో 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించారు. అయినా దారులు వెతుక్కునేవాళ్ళు ఉన్నారు. పందెంలో పోయిన వెయ్యి రూపాయలు ఇంట్లో చెప్పలేక, స్నేహితుడి దగ్గర అప్పు చేసి, ఆ అప్పు తీర్చడానికి వాడు చెప్పిన పని చేయడం — మేము విన్న కథల్లో ఎక్కువ ఇక్కడే మొదలయ్యాయి.

"చెడు స్నేహం మానుకో" అని చెప్పడం తేలిక. ఎందుకు మానుకోడో చూద్దాం. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ బెంగళూరు పోయే ఒకే రైలు దారి మీద ఉన్నాయి. బడి మానేసిన పిల్లవాణ్ణి ఆ రైలు ఎక్కించేదెవరు? ముందే వెళ్ళిన స్నేహితుడు. పని చూపించేది, గదిలో చోటిచ్చేది, మొదటి జీతం వచ్చేదాకా అన్నం పెట్టేది, జ్వరమొస్తే మాత్ర తెచ్చిచ్చేది కూడా అతనే. మన ఇళ్ళ పిల్లలకు పని కావాలంటే మామూకో, చాచాకో ఫోన్ చేస్తాం. ఆ పిల్లవాడికి స్నేహితుడే మామూ, స్నేహితుడే చాచా. ఆ స్నేహితుడు మంచివాడైతే కుటుంబం నిలబడుతుంది, అలాంటివాళ్ళే ఎక్కువ కూడా. చెడ్డవాడైతే అతణ్ణి వదులుకోవడమంటే పని, గది, అన్నం వదులుకోవడం. వాటి బదులు మనం ఏమీ చూపించకుండా స్నేహం మానమంటే ఎలా మానతాడు?

ఇక్కడ ఒక ముఖ్యమైన నిర్ణయం గురించి చెప్పాలి. దారి తప్పిన పిల్లల కోసం ఊరి బయట ఒక హాస్టల్ కడితే స్థలం తామే ఇస్తామని ఒక దాత పెద్ద మనసుతో ముందుకొచ్చారు. అల్లాహ్ వారికి మంచి ప్రతిఫలం ఇవ్వాలి. చాలా ఆలోచించి, ఆ పని వద్దని వారికి విన్నవించాం. కారణం మీకూ తెలియాలి. అమెరికాలోని కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ ఊళ్ళలో 1939లో మొదలుపెట్టి వందలమంది అబ్బాయిలకు ఏళ్ళ తరబడి సాయం చేశారు. సలహాదారులను పెట్టారు, చదువు చెప్పించారు, వేసవి శిబిరాలకు పంపారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత జోన్ మెకార్డ్ అనే ఆమె వాళ్ళను వెతికి లెక్క తీస్తే, సాయం అందని పిల్లల కంటే అందినవాళ్ళే కొన్ని విషయాల్లో వెనకబడి ఉన్నారు. ముఖ్యంగా మళ్ళీ మళ్ళీ శిబిరాలకు పంపినవాళ్ళలో ఆ నష్టం కనిపించింది. ఒకచోట చేరిన పిల్లలు తాము చేసిన తప్పులను గొప్పగా చెప్పుకుంటూ ఒకరికొకరు గురువులయ్యారని పరిశోధకులు అనుమానించారు. మంచి మనసు ఒక్కటే చాలదు సోదరులారా. పొగ అంటినవాళ్ళందరినీ ఒకే కొలిమి చుట్టూ కూర్చోబెట్టడం కంటే, ఒక్కొక్కరినీ ఒక్కొక్క అత్తరు అంగడిలో కూర్చోబెట్టడం మేలు.

మూడోది వీధి.

ఇరుగుపొరుగు అంటే ఎంతవరకు అని అడిగితే చుట్టూ నలభై ఇళ్ళ దాకా అని మన పెద్దలు చెబుతారు. ఆ నలభై ఇళ్ళ హక్కు మన మీద ఉంది. పక్కింట్లో పొయ్యి వెలిగిందా లేదా చూడటం ఒక్కటే ఆ హక్కు కాదు, పక్కింటి పిల్లవాడు ఎటు పోతున్నాడో చూడటం కూడా.

పెనుకొండలో మార్పు మన కళ్ళ ముందే జరిగింది. కోట గోడల కింద, బాబయ్య దర్గా చుట్టూ అందరూ అందరికీ తెలిసిన ఊరు అది. ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. పని వచ్చింది, భూముల ధర పెరిగింది, అద్దె గదులు లేచాయి, హైవే పక్కన అంగళ్ళు పెరిగాయి. ఇది మంచిదే, మన పిల్లలకూ పనులు దొరికాయి. కానీ ఇప్పుడు సందులో ఎదురయ్యే పదిమందిలో ఎవరు ఎవరో తెలియదు. పరాయివాళ్ళు వచ్చారని కాదు ఈ మాట. వాళ్ళూ ఎవరో తల్లి కన్న బిడ్డలే, బతకడానికి వచ్చారు. పేరు పెట్టి పలకరించడం మానేసింది మనం.

చిన్నప్పుడు మనల్ని కాపాడిన ప్రశ్న ఒకటుంది. బడి ఎగ్గొట్టి తిరుగుతుంటే ఏ అరుగు మీద నుంచో ఒక ముసలాయన గొంతు వినిపించేది: "ఒరే, ఎవరి కొడుకువిరా నువ్వు?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే తండ్రి పేరు చెప్పాలి. తండ్రి పేరు నోట్లోంచి వచ్చిందంటే కాళ్ళు వాటంతటవే బడి వైపు తిరిగేవి. ఇప్పుడా ప్రశ్న అడిగేవాళ్ళు లేరు. అడిగితే సాయంత్రానికి ఆ తండ్రే వచ్చి "మావాణ్ణి అడగడానికి నువ్వెవరు?" అంటాడని భయం.

ఈ ప్రశ్న విలువ ఎంతో షికాగోలోనే తేల్చారు. శాంప్సన్, ఆయన తోటివారు 343 పేటల్లో 8,782 మందిని కలిసి, ఫలితాలు 1997లో ప్రకటించారు. వాళ్ళు అడిగినవి చాలా మామూలు ప్రశ్నలు. పిల్లలు బడి ఎగ్గొట్టి వీధి మూల కూర్చుంటే మీ పొరుగువాళ్ళు కల్పించుకుంటారా? పిల్లవాడు పెద్దవాళ్ళను ఎదిరించి మాట్లాడితే ఎవరైనా మందలిస్తారా? మీ పేటలో ఒకరినొకరు నమ్ముతారా? ఒకే రకం పేదరికం ఉన్న పేటల్లో కూడా, అవును అన్నవాళ్ళు ఎక్కువున్న చోట హింస తక్కువగా ఉంది. డబ్బు ఖర్చు లేని పని ఇది. కానీ ఒక ఒప్పందం కావాలి. మన మస్జిద్‌లలో జుమా రోజున తండ్రులందరూ ఒక మాట ఇవ్వాలని కోరుతున్నాం: "మా పిల్లవాడు తప్పు చేస్తుంటే అడిగే హక్కు మా నలభై ఇళ్ళకు ఇస్తున్నాం. అడిగినవాళ్ళతో తగవుకు రాము." అడిగేవాళ్ళు కూడా ఒక మాట ఇవ్వాలి: "పిలిచి అడుగుతాం గాని, పదిమందిలో పరువు తీయం."

వీధి అంటే అంగళ్ళు కూడా. ఈ మాట చేదుగా ఉంటుంది, మన్నించండి. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలకు పొగాకు అమ్మకూడదు. బడికి వంద గజాల లోపల ఎవరికీ అమ్మకూడదు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లలకు మత్తు పదార్థమో పొగాకో ఇచ్చినవారికి ఏడేళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. పిల్లల చేత మత్తు పదార్థాలు మోయించినా, అమ్మించినా అంతే. పద్నాలుగేళ్ళ లోపు పిల్లవాణ్ణి షెడ్డులోనో హోటల్‌లోనో పనిలో పెట్టుకోవడం నేరం. ఆ అంగళ్ళ యజమానుల్లో మనవాళ్ళున్నారు. ఈ సభలో కూర్చున్న మనలో కూడా ఉండవచ్చు. పిల్లవాడికి గుట్కా అమ్మిన పది రూపాయల్లోంచి రూపాయి తీసి పిల్లల చదువుకు సదఖా ఇస్తే, ఆ లెక్క సొసైటీ రసీదు పుస్తకంలో సరిపోతుంది. అల్లాహ్ దగ్గర సరిపోతుందా?

ఇక పిల్లవాడు తప్పు చేసి దొరికిపోయాక ఏం జరుగుతుందో తెలుసుకుందాం. చాలామంది తల్లిదండ్రులకు ఇది తెలియక మధ్యవర్తుల చేతిలో డబ్బు పోగొట్టుకుంటున్నారు. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లవాణ్ణి లాకప్‌లో గాని, జైల్లో గాని పెట్టకూడదు. ఇరవై నాలుగు గంటల్లో బాలల న్యాయ మండలి ముందు హాజరుపరచాలి. ఆ మండలిలో ఒక మెజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో కనీసం ఒకరు స్త్రీ. పట్టుకున్న సంగతి తల్లిదండ్రులకు చెప్పాలి. ప్రొబేషన్ అధికారి పిల్లవాడి ఇల్లు, వాకిలి, పరిస్థితులు విచారించి రెండు వారాల్లో నివేదిక ఇవ్వాలి. పిల్లవాడి పేరు, ఫోటో, ఏ బడో పత్రికల్లో రాకూడదు. వాట్సాప్ గ్రూపుల్లో ఫోటో తిప్పే మనవాళ్ళు కూడా ఇది గమనించాలి. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరుకు ఎవరైనా ఫోన్ చేయవచ్చు.

ఆ చట్టంలో మమ్మల్ని ఆలోచనలో పడేసిన విషయం ఒకటుంది. పిల్లలకు బెయిల్ ఇవ్వడమే మామూలు పద్ధతి. నిరాకరించడానికి చెప్పిన కారణాల్లో ఒకటి, వదిలితే వాడు నేరస్థుల సావాసంలో పడతాడని అనిపించడం. అంటే చట్టం కూడా వాడు ఏం చేశాడన్న దగ్గర ఆగకుండా, ఎవరి మధ్యకు తిరిగి పోతాడు అని అడుగుతోంది. ఆ ప్రశ్నకు జవాబు నలభై ఇళ్ళు ఇవ్వాలి. తల్లి ఒక్కతే నిలబడటం వేరు. ఆమె పక్కన ఒక మేస్త్రీ "వీణ్ణి నా దగ్గర పనిలో పెట్టుకుంటా" అని, ఒక ఉపాధ్యాయుడు "ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి కట్టిస్తా" అని నిలబడటం వేరు.

చిన్నప్పటి తప్పు జీవితమంతా వెంటాడకూడదని ఆ చట్టమే అంటోంది. పదహారేళ్ళు దాటి ఘోర నేరం చేసి, పెద్దవాళ్ళలా విచారణ ఎదుర్కొన్నవారి సంగతి వేరు. మిగిలిన పిల్లలకు ఆ తప్పు వల్ల ఏ అనర్హతా రాకూడదు. చట్టం మన్నించిన పిల్లవాణ్ణి మన కమిటీ మన్నించలేకపోయింది. అందుకే మా నియమం మార్చుకున్నాం. ఇకమీదట పిల్లవాడి మీద కేసు ఉందన్న కారణంతో ఏ దరఖాస్తునూ తోసిపుచ్చం. జకాత్ విషయంలో కొందరికి సందేహం వచ్చింది. జకాత్ అందవలసిన ఎనిమిది వర్గాల్లో పేదవాళ్ళు మొదటివాళ్ళు. కొడుకు మీద కేసు ఉన్నంత మాత్రాన ఆ తల్లి పేదరాలు కాకుండా పోదు. ఏ పద్దు దేనికి వాడవచ్చో ఉలమాలను అడిగే వాడతాం.

ఈ ఏడాది మీ నుంచి మేము కోరేవి మూడు.

ఒకటి, సాయంత్రపు గది. మూడు ఊళ్ళలోనూ మస్జిద్ పక్క గదో, మూసి ఉన్న అంగడో, ఎవరి మేడ మీది వరండానో మాకు చూపించండి. అసర్ నుంచి ఇషా దాకా తెరిచి ఉంటుంది. చదివేవాడు చదువుతాడు, క్యారమ్ ఆడేవాడు ఆడతాడు. మంచి మార్కుల పిల్లలూ, బడి మానేసినవాళ్ళూ, ఏ మతం పిల్లలైనా, అందరూ కలిసే కూర్చుంటారు. ఒక పెద్ద మనిషి అక్కడ ఉంటాడు. గది అద్దె, కరెంటు బిల్లు మేము చూసుకుంటాం. ఆ పెద్ద మనిషిని మాత్రం డబ్బుతో కొనలేం.

రెండు, ఉస్తాద్. మీలో మెకానిక్కులు, వెల్డర్లు, కార్పెంటర్లు, టైలర్లు, ఎలక్ట్రీషియన్లు, మండీ వ్యాపారులు ఉన్నారు. చట్టం ఒప్పుకునే వయసున్న, దారి తప్పి తిరిగొచ్చిన ఒక్క పిల్లవాణ్ణి మీ చేతి కింద పెట్టుకోండి. ప్రమాదం లేని పని ఇవ్వండి, పని నేర్పండి. నేర్చుకునే నెలల్లో వాడి ఇంటికి వెళ్ళాల్సిన కూలి సొసైటీ ఇస్తుంది. వాడు ఒకసారి జారితే వెంటనే తరిమేయకండి, మాకు కబురు పెట్టండి.

మూడు, తోడు. పిల్లవాడు దొరికిన రాత్రి ఆ తల్లితోపాటు స్టేషన్‌కు వెళ్ళడానికి ఒక వకీలు, ఒక పెద్ద మనిషి, ఒక స్త్రీ ప్రతి ఊళ్ళో ఉండాలి. లంచం ఇవ్వడానికి కాదు, కేసు మాఫీ చేయించడానికీ కాదు. బ్యాటరీ పోగొట్టుకున్నవాడూ ఎవరో పేదవాడే, వాడి నష్టం తీర్చే బాధ్యత కూడా ఆ కుటుంబానికి గుర్తుచేయాలి. వాళ్ళు చేయాల్సింది ఆ తల్లి ఒంటరిగా నిలబడకుండా చూడటం.

చెక్కు రాయడం తేలికైన పని అని మేము అనం. మీ చెమట మాకు తెలుసు. కానీ ఈసారి చెక్కుతోపాటు ఒక సాయంత్రం కూడా రాయమని అడుగుతున్నాం. హాలు ద్వారం దగ్గర రిజిస్టరు పెట్టాం. అందులో మొత్తం రాసే గడి లేదు. మీ గల్లీ పేరు, వారంలో మీరు ఇవ్వగలిగిన రోజు, అంతే. మీ ఇంటి నుంచి లెక్కపెట్టండి, నలభై ఇళ్ళు. అందులో సాయంత్రం పూట ఎవరూ అడగని పిల్లవాడు ఒక్కడైనా ఉంటాడు. వెళ్ళి ఎవరి కొడుకువని అడగండి. తండ్రి లేనివాడైతే, ఇక మీదట మన కొడుకని చెప్పండి.

వచ్చే ఏడాది ఈ సభలో మేము చదివే లెక్కల్లో ఇంకో వరుస ఉంటుంది, ఇన్షా అల్లాహ్. ఎన్ని గదులు తెరిచాం, ఎంతమంది ఉస్తాదులు దొరికారు, ఎంతమంది తిరిగి వచ్చారు, ఎంతమంది మళ్ళీ జారారు అన్నవన్నీ దాచకుండా చదువుతాం. ఆ తల్లి ఇల్లు మాకు తెలుసు. గది తెరిచిన రోజు మేమే ఆమె గడప తొక్కి, ఆరోజు చెప్పలేకపోయిన జవాబు చెప్పి, క్షమించమని అడుగుతాం.

అల్లాహ్ మన పిల్లలను, మన పొరుగువారి పిల్లలను కాపాడుగాక. తప్పు చేసినవారికి తిరిగి వచ్చే దారి చూపుగాక. ఆ దారికి అడ్డంగా నిలబడకుండా మనల్ని కాపాడుగాక. ఆమీన్.

వ ఆఖిరు దావానా అనిల్ హమ్దు లిల్లాహ్. అస్సలాము అలైకుం.